కారు బ్యాటరీ మార్చేముందు ఒక్క 300 రూపాయల మల్టీమీటర్ పెట్టి చూడండి

ఫోన్‌లో బ్యాటరీ ఎంత మిగిలిందో పైన మూలలో ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది. బాగా తగ్గితే వార్నింగ్ వస్తుంది. ఏ యాప్ ఎంత తినేసిందో సెట్టింగ్స్‌లోకి వెళ్తే లిస్ట్ కూడా ఉంటుంది. అదే పది లక్షలు పోసి కొన్న కారు చూడండి. డ్యాష్‌బోర్డ్ మీద ఒక ఎర్ర బ్యాటరీ బొమ్మ తప్ప ఇంకేం ఉండదు. నిజానికి ఆ బొమ్మ కూడా బ్యాటరీ గురించి చెప్పదు, ఇంజిన్ నడుస్తున్నప్పుడు చార్జింగ్ అవుతోందా లేదా అన్నది మాత్రమే చెబుతుంది. అందుకే పొద్దున్నే కీ తిప్పి, సెల్ఫ్ టకటకా కొట్టుకుని ఆగిపోగానే మనకి తెలిసిన జవాబు ఒక్కటే: బ్యాటరీ పోయింది, మార్చేయాలి.

నిజంగా బ్యాటరీ పోయి ఉండొచ్చు. లేదా డైనమో (మెకానిక్‌లు ఆల్టర్నేటర్‌ని ఇప్పటికీ అలాగే అంటారు) సరిగ్గా చార్జ్ చేయకపోవచ్చు. లేదా కారు ఆపి తాళం వేశాక కూడా ఏదో ఒకటి కరెంట్ లాగుతూ ఉండొచ్చు. లేదా టెర్మినల్ దగ్గరో, ఎర్త్ వైరు దగ్గరో కనెక్షన్ సరిగ్గా లేకపోవచ్చు. నాలుగింటికీ బయటికి కనిపించే లక్షణం ఒక్కటే, బండి స్టార్ట్ కాదు. కానీ ఖర్చు చూడండి. మొదటిదానికి చిన్న కారుకి నాలుగైదు వేలు, రెండోదానికి పది వేల దాకా, మూడు, నాలుగింటికి చాలాసార్లు సున్నా. మనం కోడ్‌లో బగ్ వస్తే లాగ్ చూడకుండా సర్వర్ మార్చేయం కదా. ఇక్కడా అంతే. ముందు కొలవాలి.

ఏ మీటర్ కొనాలి

హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లినా, ఆన్‌లైన్‌లో వెతికినా మొదట కనిపించేది పసుపు రంగు డీటీ830డీ. 200 నుంచి 300 రూపాయల్లో వచ్చేస్తుంది. వోల్టేజ్ చూడటానికి ఇది చాలు. దాని డీసీ 20 వోల్టుల రేంజ్‌లో అర శాతం అటూ ఇటూ తేడా వచ్చినా 12.6 దగ్గర అది 0.06 వోల్టు మాత్రమే. మనకి కావాల్సిన తేడాలు 0.2 చొప్పున ఉంటాయి కాబట్టి సరిపోతుంది. ఒక్క విషయం గుర్తుంచుకోండి. మీటర్ లోపలి 9 వోల్టుల బ్యాటరీ వీక్ అయితే రీడింగ్ తగ్గదు, ఎక్కువ చూపిస్తుంది. స్క్రీన్ మీద లో బ్యాటరీ గుర్తు వస్తే ముందు దాన్ని మార్చండి, కారు సంగతి తర్వాత.

ఈ మీటర్‌లో 10 ఆంప్స్ సాకెట్ కూడా ఉంటుంది, కానీ చౌక మోడళ్లలో దానికి ఫ్యూజ్ ఉండదు. మీటర్ మీదే చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది చూడండి. ఆ సాకెట్‌లో ప్రోబ్ ఉంచి, బ్యాటరీ రెండు టెర్మినల్స్‌కీ అడ్డంగా పెట్టారంటే నేరుగా షార్ట్ సర్క్యూట్ చేసినట్టే. కొంచెం డబ్బు పెట్టగలిగితే నా ఓటు డీసీ కరెంట్ కొలిచే క్లాంప్ మీటర్‌కి. యూని-టీ యూటీ210ఈ లాంటిదైతే 2 ఆంప్స్ రేంజ్‌లో మిల్లీఆంప్ దాకా చూపిస్తుంది, ఏ వైరూ విప్పక్కర్లేదు. మార్కెట్లో దొరికే చాలా క్లాంప్ మీటర్లు ఏసీ కరెంట్ మాత్రమే కొలుస్తాయి. వాటితో కారులో ఏ ఉపయోగమూ లేదు. స్పెసిఫికేషన్లలో డీసీ ఆంప్స్ అని ఉందో లేదో చూసుకునే ఆర్డర్ పెట్టండి.

మూడు రీడింగులు

మొదటిది, బండి కదలకుండా ఉన్నప్పటి వోల్టేజ్. లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఆరు సెల్స్ ఉంటాయి, ఒక్కోటీ దాదాపు 2.1 వోల్టులు. అందుకే 12 వోల్టుల బ్యాటరీ అని పిలిచినా ఫుల్ చార్జ్‌లో 12.6, కొత్తదైతే 12.7 కూడా చూపిస్తుంది. 12.4 అంటే సుమారు ముప్పావు వంతు. 12.2 అంటే సగం. 12.0 అంటే పావు. 11.8కి వచ్చిందంటే ఖాళీ అనుకోండి. చూశారా, నిండుకీ ఖాళీకీ మధ్య మొత్తం తేడా ఒక్క వోల్టు కూడా లేదు. "12 చూపిస్తోంది సార్, బ్యాటరీ బ్రహ్మాండంగా ఉంది" అని ఎవరైనా అంటే నమ్మకండి.

దీన్ని ఎప్పుడు కొలుస్తున్నామన్నది ముఖ్యం. డ్రైవ్ చేసి వచ్చిన వెంటనే చూస్తే 13 దాకా కనిపిస్తుంది, అది పైపై చార్జే. కనీసం నాలుగైదు గంటలు, కుదిరితే రాత్రంతా వదిలేయాలి. ఇంకో చిక్కు ఏంటంటే, పొద్దున్నే రిమోట్‌తో అన్‌లాక్ చేసి డోర్ తీయగానే కారులోని కంప్యూటర్లన్నీ మేల్కొంటాయి, వోల్టేజ్ కొంచెం దిగుతుంది. అందుకే నేను ముందు రోజు రాత్రే లోపల లివర్ లాగేసి, బానెట్‌ని సేఫ్టీ కొక్కెం మీద వదిలేస్తా. పొద్దున డోర్ ముట్టుకోకుండానే రీడింగ్ తీసుకోవచ్చు.

ఈ నంబర్ బ్యాటరీలో చార్జ్ ఎంతుందో చెబుతుంది గానీ, ఆరోగ్యం ఎలా ఉందో చెప్పదు. పాత ఫోన్ 40 శాతం చూపిస్తూ కెమెరా ఓపెన్ చేయగానే స్విచాఫ్ అవుతుంది కదా, అలాంటిదే. కాబట్టి రెండో రీడింగ్ సెల్ఫ్ కొడుతున్నప్పుడు తీయాలి. ప్రోబ్స్ బ్యాటరీ మీద ఉండగా ఇంకొకరు స్టార్ట్ చేయాలి. చౌక మీటర్ సెకనుకి రెండు మూడు సార్లే అప్‌డేట్ అవుతుంది కాబట్టి కంటితో పట్టుకోవడం కష్టం. ఫోన్‌తో డిస్‌ప్లేని వీడియో తీసి, తర్వాత ఆపి ఆపి చూడండి. ఫుల్ చార్జ్‌లో ఉన్న బ్యాటరీ సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు. మన వాతావరణంలో మంచి బ్యాటరీ సాధారణంగా 10 పైనే నిలబడుతుంది. 12.6 ఉన్నది ఒక్కసారిగా 8కి పడిపోతోందంటే దాని పని అయిపోయినట్టే, కొత్తది కొనండి. కానీ సగం చార్జ్‌లో ఉన్నప్పుడు ఈ టెస్ట్ చేసి తీర్పు చెప్పకండి. ముందు ఫుల్ చార్జ్ చేయాలి.

మూడోది ఇంజిన్ ఆన్‌లో ఉన్నప్పుడు. 13.8 నుంచి 14.6 మధ్య ఉంటే డైనమో పని చేస్తోంది. హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయర్ ఫుల్, వెనక అద్దం డీఫాగర్ అన్నీ వేసినా 13.5 దగ్గరైనా నిలబడాలి. 13 కంటే కింద ఉంటే బెల్ట్, డైనమో చూపించాలి. 15 దాటితే ఇంకా ప్రమాదం, రెగ్యులేటర్ పాడై బ్యాటరీని ఉడికించేస్తోందని అర్థం. కొత్త కార్లలో ఒక తేడా ఉంది. మైలేజ్ కోసం ఈసీయూనే డైనమోని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. బ్యాటరీ నిండుగా ఉంటే కాసేపు 12.8 దగ్గరే ఆగొచ్చు. కంగారు పడకుండా హెడ్‌లైట్లు వేసి ఇంకోసారి చూడండి, పైకి లేస్తే అంతా మామూలే.

"డైనమో మార్చమంటున్నాడు"

రాజమండ్రిలో మా నాన్నగారి పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్‌కి ఆరేళ్లు. ఆదివారం గుడికో, చుట్టాలింటికో వెళ్తుంది. గురువారం పొద్దున అమ్మని మోకాలి ఫిజియోథెరపీకి తీసుకెళ్తుంది. మిగతా రోజులు గేటు లోపలే. ఈ ఏడాది మొదట్లో వరసగా గురువారాలు స్టార్ట్ కాలేదు. పాత బ్యాటరీకి వయసైపోయిందని కొత్తది వేయించారు. మూడు వారాలు కాగానే మళ్లీ అదే కథ. అమ్మ ఆటోలో వెళ్లొచ్చింది, మోకాలి నొప్పితో ఆటో ఎక్కి దిగడమంటే తెలుసుగా. ఆ సాయంత్రం నాన్నగారు ఫోన్ చేశారు.

"ఎలక్ట్రీషియన్ చూశాడురా. డైనమో మార్చమంటున్నాడు, తొమ్మిదిన్నర వేలట. చేయించేయనా? లేకపోతే అమ్మేద్దామా ఈ బండి?"

"ఏదీ చేయకండి నాన్నగారూ. శనివారం నేనొస్తా."

శుక్రవారం రాత్రి చార్జర్ పెట్టించి, మధ్యాహ్నానికి విశ్రాంతి ఇచ్చాక శనివారం చూసిన లెక్కలు ఇవి. కదలకుండా 12.61. సెల్ఫ్ కొట్టేటప్పుడు 10.3. ఇంజిన్ ఆన్‌లో 14.2, లైట్లూ బ్లోయర్ వేశాక 13.9. అంటే బ్యాటరీ బాగుంది, మార్చమన్న డైనమో కూడా బాగుంది. ఇక మిగిలింది, తాళం వేశాక కరెంట్ ఎవరు లాగుతున్నారన్న ప్రశ్న.

కారు ఆఫ్‌లో ఉన్నా అలారం, రిమోట్ రిసీవర్, గడియారం లాంటివి కొద్దిగా కరెంట్ తీసుకుంటాయి. 20 నుంచి 50 మిల్లీఆంప్స్ దాకా మామూలు. లాక్ చేసిన వెంటనే చూస్తే ఇంకా చాలా ఎక్కువ ఉంటుంది. కంప్యూటర్లన్నీ నిద్రలోకి జారడానికి 20 నిమిషాల నుంచి ముప్పావుగంట పడుతుంది. నలభై నిమిషాలు మొక్కల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నా. క్లాంప్ మీటర్ 0.34 ఆంప్స్ దగ్గర ఆగింది, ఇక దిగలేదు.

లెక్క వేయండి. 0.34ని 24తో గుణిస్తే రోజుకి 8.16 ఆంపియర్ అవర్స్. ఆదివారం సాయంత్రం నుంచి గురువారం పొద్దుటి దాకా మూడున్నర రోజులు, అంటే 28.5కి పైనే. ఆ బ్యాటరీ కెపాసిటీ 35. గురువారమే ఎందుకు ఆగిపోతోందో ఆ ఒక్క గుణకారంలో తేలిపోయింది. డైనమో మార్చినా వచ్చే గురువారం అమ్మ మళ్లీ ఆటో ఎక్కేదే.

దొంగ ఏ సర్క్యూట్‌లో ఉన్నాడో పట్టుకోవడానికి చాలామంది ఫ్యూజులు ఒక్కోటీ పీకి చూస్తారు. అది పాత కార్లకి సరే. ఇప్పటి కార్లలో ఫ్యూజ్ పీకి మళ్లీ పెట్టగానే ఏదో ఒక మాడ్యూల్ నిద్ర లేచి కూర్చుంటుంది, మళ్లీ నలభై నిమిషాలు ఆగాలి. దానికంటే మంచి పద్ధతి ఉంది. బ్లేడ్ ఫ్యూజ్ నెత్తి మీద రెండు చిన్న లోహపు చుక్కలు కనిపిస్తాయి. మీటర్‌ని 200 మిల్లీవోల్ట్ రేంజ్‌లో పెట్టి, ఆ రెండు చుక్కల మీద ప్రోబ్స్ ఆనించండి. కరెంట్ పోకపోతే సున్నా. పోతుంటే ఎంతో కొంత చూపిస్తుంది, ఎందుకంటే ఫ్యూజ్ కూడా ఒక చిన్న రెసిస్టరే. డోర్ తెరిచి ఉంచాలి కాబట్టి, ముందే డోర్ లాచ్‌ని స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూసిన పొజిషన్‌లో పెట్టేయండి. డోర్ మూసి ఉందనుకుని కారు నిద్రపోతుంది. పని అయ్యాక లాచ్‌ని హ్యాండిల్ లాగి వదిలించడం మర్చిపోకండి, లేకపోతే డోర్ వేసినప్పుడు లాచ్ దెబ్బతింటుంది.

లోపలి ఫ్యూజ్ బాక్స్‌లో అన్నీ సున్నా చూపించాయి, రూమ్ ల్యాంప్ ఫ్యూజ్ ఒక్కటి తప్ప. ల్యాంప్ చూస్తే ఆరిపోయే ఉంది. ఆ ఫ్యూజ్ వెనక నుంచి కంపెనీది కాని ఒక సన్నని వైరు బయల్దేరి, పిల్లర్ లోపల నుంచి పైకి వెళ్లి అద్దం దగ్గర తేలింది. డ్యాష్‌క్యామ్.

ఎనిమిది నెలల కిందట ఒక యాక్సెసరీస్ షాపులో పెట్టించారు. హార్డ్‌వైర్ కిట్‌లో మూడు వైర్లు ఉంటాయి. ఒకటి ఎర్త్. ఒకటి ఎప్పుడూ కరెంట్ ఉండే లైన్‌కి. మూడోది కీ ఆన్‌లో ఉన్నప్పుడు మాత్రమే కరెంట్ వచ్చే లైన్‌కి, అంటే యాక్సెసరీ లైన్‌కి. కారు ఆగిందో లేదో కెమెరాకి తెలిసేది ఈ మూడో వైరు ద్వారానే. షాపు కుర్రాడు ఆ రెండింటినీ కలిపి ఒకే ఫ్యూజ్‌కి చుట్టేశాడు. దాంతో కెమెరా దృష్టిలో ఈ కారు ఎనిమిది నెలలుగా ఆగకుండా ప్రయాణంలోనే ఉంది! స్క్రీన్ నిమిషంలో ఆరిపోతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. మెమరీ కార్డ్ తీసి ల్యాప్‌టాప్‌లో పెడితే సాక్ష్యం మొత్తం అందులోనే ఉంది. అర్ధరాత్రి రెండింటికి మా గేటు, మూడింటికి మా గేటు, మూడున్నరకి గేటు మీద పక్కింటి పిల్లి. అన్నీ టైమ్‌స్టాంప్‌తో సహా.

కిట్‌లో వోల్టేజ్ తగ్గితే ఆపేసే కటాఫ్ ఉంటుంది కదా అని మీరు అడగొచ్చు. ఉంది. కానీ దాని చిన్న స్విచ్ 11.6 దగ్గర పెట్టి ఉంది. పైన చెప్పిన లెక్క చూడండి, 11.8కే బ్యాటరీ ఖాళీ. 11.6 దాకా లాగాక ఆపితే ఏం లాభం? మీ కారులో ఈ కిట్ ఉంటే కటాఫ్ 12.2 దగ్గర పెట్టుకోండి. నేను యాక్సెసరీ వైరుని సిగరెట్ లైటర్ ఫ్యూజ్‌కి ఫ్యూజ్ ట్యాప్‌తో మార్చి, పార్కింగ్ మోడ్ ఆఫ్ చేశా. మళ్లీ నలభై నిమిషాలు ఆగి చూస్తే 0.02 ఆంప్స్.

డ్యాష్‌క్యామ్ ఒక్కటే కాదు, అనుమానించాల్సినవి ఇంకా ఉన్నాయి. బయట వేయించిన ఆండ్రాయిడ్ స్టీరియో, జీపీఎస్ ట్రాకర్, మూత వేసినా ఆరని డిక్కీ లైటు, ఇవన్నీ మామూలుగా దొరికే దొంగలు. కీలెస్ కార్లలో స్మార్ట్ కీని గోడకి అవతల, కారుకి దగ్గరగా వేలాడదీస్తే కారు మాటిమాటికీ మేల్కొనే అవకాశం ఉంది. మన గ్యాడ్జెట్ బ్యాచ్‌కి ఇష్టమైన ఓబీడీ బ్లూటూత్ డాంగిల్ కూడా ఈ లిస్టులోదే. ఓబీడీ పోర్ట్‌లో 16వ పిన్‌కి బ్యాటరీ నుంచి నేరుగా ఎప్పుడూ కరెంట్ ఉంటుంది. చూసుకోవడం అయ్యాక డాంగిల్ పీకేయండి.

క్లాంప్ మీటర్ లేనివాళ్లు మామూలు మీటర్‌తో కూడా ఇది చేయొచ్చు, కొంచెం జాగ్రత్త కావాలి. నెగటివ్ కేబుల్ విప్పి, కేబుల్‌కీ బ్యాటరీ పోస్ట్‌కీ మధ్య 10 ఆంప్స్ సాకెట్‌లో మీటర్ పెట్టాలి. దాంతోపాటే సమాంతరంగా ఒక మందపాటి జంపర్ వైరు కూడా తగిలించి ఉంచండి. కారు నిద్రపోయేదాకా కరెంట్ ఆ వైరులో వెళ్తుంది, తర్వాత వైరు తీసేస్తే మీటర్ మీద రీడింగ్ వస్తుంది. మీటర్ అలా ఉండగా కీ తిప్పడం, హెడ్‌లైట్ వేయడం, డోర్ తీయడం ఏదీ చేయకూడదు. సెల్ఫ్ మోటార్ 100 ఆంప్స్ పైన లాగుతుంది, మీటర్ అక్కడికక్కడే కాలిపోతుంది.

బీప్ వచ్చింది కాబట్టి వైరు బాగుందా?

కాదు. ఇది చాలామంది ఇంజినీరింగ్ చదివినవాళ్లు కూడా పడే బోల్తా. సెల్ఫ్ కొట్టినప్పుడు 150 ఆంప్స్ పోతున్నాయనుకుందాం. దారిలో ఎక్కడో తుప్పు పట్టి 0.01 ఓమ్ రెసిస్టెన్స్ వచ్చింది. ఓమ్స్ లా ప్రకారం అక్కడే 1.5 వోల్టులు పోతాయి. బ్యాటరీ దగ్గర 10.3 ఉన్నా మోటార్‌కి అందేది 8.8. మన మీటర్ ఓమ్స్ రేంజ్‌లో 0.01ని చూపించలేదు, దాని ప్రోబ్ వైర్ల రెసిస్టెన్సే అంతకంటే ఎక్కువ. కంటిన్యుటీ బీప్ అయితే ఒక్క పోగు తెగకుండా మిగిలినా మోగుతుంది.

అందుకే రెసిస్టెన్స్ కాదు, లోడ్ మీద వోల్టేజ్ ఎంత పోతోందో కొలవాలి. ఒక ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ పోస్ట్ మీద, ఇంకోటి ఇంజిన్ బ్లాక్ మీద రంగు లేని బోల్ట్ మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 0.2, 0.3 లోపు ఉంటే ఎర్త్ బాగుంది. అర వోల్టు దాటితే ఎర్త్ స్ట్రాప్ విప్పి శుభ్రం చేయించాలి. అలాగే పోస్ట్‌కీ దాని మీద ఉన్న క్లాంప్‌కీ మధ్య కూడా చూడండి, అక్కడ దాదాపు సున్నా రావాలి. హెడ్‌లైట్లు వణకడం, స్టీరియో రీసెట్ అవడం, ఒకేసారి నాలుగు వార్నింగ్ లైట్లు వెలిగి మాయమవడం లాంటి దయ్యం వేషాల్లో చాలావాటి వెనక ఉండేది ఈ ఎర్తే.

సెల్ఫ్ చప్పుడు కూడా చాలా చెబుతుంది. టకటకా వరసగా కొడితే బ్యాటరీ డౌన్ లేదా కనెక్షన్ వదులు. గట్టిగా ఒక్కసారి 'టక్' మని ఆగి, లైట్లు మాత్రం మసకబారకపోతే సెల్ఫ్ మోటార్ వైపు చూడాలి. అసలు చప్పుడే లేకపోతే రిలే, క్లచ్ స్విచ్, ఇమ్మొబిలైజర్. రిలే మీద అనుమానం ఉంటే అదే నంబర్ ఉన్న హారన్ రిలేతో మార్చి చూడండి, రూపాయి ఖర్చు లేని టెస్ట్. పొలాల పక్కన, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెట్టే బండి అయితే ముందు టార్చ్ వేసి వైర్లు చూడండి, ఎలుక పని కావచ్చు. ఎక్కడైనా పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే వాటి జోలికి వెళ్లొద్దు, అవి ఎయిర్‌బ్యాగ్‌వి.

ఓబీడీ స్కానర్ గురించి ఒక్క మాట. పీ0562 అంటే సిస్టమ్ వోల్టేజ్ తక్కువైంది, పీ0563 అంటే ఎక్కువైంది. ఇవి ఉపయోగపడే కోడ్లే. కానీ బ్యాటరీ డౌన్ అయిన రోజు యూ అక్షరంతో మొదలయ్యే కోడ్లు పది పన్నెండు పడతాయి, మాడ్యూళ్ల మధ్య మాటలు తెగిపోయాయని. వాటిని చూసి ఈసీయూ పోయిందని బెంబేలు పడక్కర్లేదు. ముందు బ్యాటరీ చార్జ్ చేసి, కోడ్లు క్లియర్ చేసి, మళ్లీ వచ్చినవాటి గురించే ఆలోచించండి.

ఇంట్లో చేసుకునే సేవ

మన ఇళ్లలో ఇన్వర్టర్ బ్యాటరీకి నీళ్లు పోసే అలవాటు ఎలాగూ ఉంది, కారు బ్యాటరీ దాని చిన్న తమ్ముడే. మూతలు తీయగలిగే రకం అయితే అప్పర్, లోయర్ గీతల మధ్య ఉందో లేదో చూసి, తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి. ఆర్‌ఓ నీళ్లలో కూడా లవణాలుంటాయి, పనికిరావు. యాసిడ్ అసలే పోయకూడదు, ఆవిరయ్యేది నీళ్లే గానీ యాసిడ్ కాదు. సీల్డ్ మెయింటెనెన్స్ ఫ్రీ బ్యాటరీని తెరవకండి.

టెర్మినల్స్ మీద తెల్లగా, నీలంగా పొడి పేరుకుంటే గోరువెచ్చని నీళ్లలో వంట సోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి, యాసిడ్‌ని అది విరిచేస్తుంది. విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్. దీనికి కారణం సింపుల్. కారు బాడీ మొత్తం నెగటివ్‌కే కలిసి ఉంటుంది. నెగటివ్ ఉండగా పాజిటివ్ విప్పుతుంటే స్పానర్ బాడీకి తగిలిన క్షణంలో వెల్డింగ్ నిప్పులు లేస్తాయి. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ కూడా వస్తుంది కాబట్టి ఆ నిప్పు ఇంకా ప్రమాదం. ఉంగరాలు, మెటల్ స్ట్రాప్ వాచీలు ముందే తీసేయండి. కళ్లకి అద్దాలు పెట్టుకోండి. శుభ్రం చేసి బిగించాక పైన కొంచెం పెట్రోలియం జెల్లీ పూయండి. బ్యాటరీని కదలకుండా పట్టే క్లాంప్ కూడా గట్టిగా ఉండాలి, గతుకుల్లో అదురుకి లోపలి ప్లేట్లు రాలతాయి.

చలిలో బ్యాటరీలు చస్తాయని యూట్యూబ్‌లో విదేశీ వీడియోలు చెబుతుంటాయి. మనకి శత్రువు ఎండ. రామగుండం, రెంటచింతల ఎండల్లో బానెట్ కింద వేడి ఊహించుకోండి. 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకీ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందన్నది ఈ రంగంలో వాడే మోటు లెక్క. నీడలో పార్క్ చేయడం అందుకే సీటు వేడెక్కకుండా ఉండటానికి మాత్రమే కాదు.

వారానికోసారి తీసే బండికి, రోజూ రెండు కిలోమీటర్లే తిరిగే బండికి డైనమో ఫుల్ చార్జ్ ఇవ్వలేదు. సగం చార్జ్‌లో ఉండిపోయిన ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, అది మళ్లీ కరగదు. నెలకోసారి చార్జర్ పెట్టడమే దీనికి మందు. కెపాసిటీలో పదో వంతు కరెంట్ చాలు, 35 ఆంపియర్ అవర్ బ్యాటరీకి 3 లేదా 4 ఆంప్స్. నిండగానే దానంతట అదే తగ్గించుకునే ఆటోమేటిక్ చార్జర్ తీసుకోండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అని దానికి తగిలించకండి, అది 150 ఆంపియర్ అవర్ బ్యాటరీకి ఇచ్చే కరెంట్ దీనికి చాలా ఎక్కువ. నెగటివ్ టెర్మినల్ మీద చిన్న సెన్సర్ డబ్బా ఉన్న కార్లలో చార్జర్ నెగటివ్ క్లిప్పుని పోస్ట్‌కి కాకుండా బాడీ ఎర్త్ బోల్ట్‌కి పెట్టాలి, అప్పుడే లోపలికి ఎంత వెళ్లిందో కారుకి తెలుస్తుంది. స్టార్ట్ స్టాప్ ఫీచర్ ఉన్న కారుకి ఈఎఫ్‌బీ లేదా ఏజీఎమ్ రకం బ్యాటరీ వచ్చి ఉంటే, మార్చేటప్పుడు కూడా అదే రకం వేయండి. తక్కువకి వస్తుందని మామూలుది వేస్తే త్వరగా పోతుంది.

జంప్ స్టార్టర్ పవర్ బ్యాంకుల విషయానికొస్తే, డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే 2000 ఆంప్స్ పీక్‌ని పక్కన పెట్టి, వాట్ అవర్స్ ఎంతో చూడండి. సెల్ వోల్టేజ్ 3.7 కాబట్టి 8000 ఎంఏహెచ్ అంటే దాదాపు 30 వాట్ అవర్స్. చిన్న పెట్రోల్ కారుని లేపడానికి అది చాలు. అందులో ఉండేది లిథియం సెల్సే, కాబట్టి మే నెలలో దాన్ని డ్యాష్‌బోర్డ్ మీద వదిలేయొద్దు, ఇంట్లోకి తెచ్చుకోండి.

ఈవీ కొన్నాం, మాకీ గొడవ లేదు అనుకునేవాళ్లకి ఒక కబురు. నెక్సాన్ ఈవీ లాంటి కార్లలో కూడా సీటు కింది పెద్ద ప్యాక్ కాకుండా ఒక 12 వోల్టుల బ్యాటరీ వేరేగా ఉంటుంది. లాక్‌లు, స్క్రీన్, పెద్ద ప్యాక్‌ని కలిపే కాంటాక్టర్లు దాని మీదే లేస్తాయి. అది పడుకుంటే పెద్ద బ్యాటరీలో 80 శాతం ఉన్నా కారు మేల్కోదు. దానికీ కదలకుండా ఉన్నప్పుడు 12.6 రావాలి. బయట పెట్టించిన డ్యాష్‌క్యామ్ అక్కడా అదే బ్యాటరీని తాగుతుంది.